ప్రవాళ భిత్తికలు - సాగరంలో సహజీవనం

సముద్రానికి మన పూర్వులు పెట్టిన పేర్లలో రత్నాకరం ఒకటి. రత్నాలకు నిలయమని దాని అర్థం. ఆ రత్నాలలో పగడానికి ఒక విశిష్టత ఉంది. నవరత్నాలలో ఏడు భూగర్భంలో రూపొందే ఖనిజాలు. ముత్యం, పగడం మాత్రం ప్రాణుల నుంచి పుట్టినవి. మన ప్రబంధకవులు నాయిక పెదవిని పగడంతో పోల్చారు. మంగళసూత్రంలో నల్లపూసలతోపాటు పగడాలు కూర్చి ధరించడం తెలుగునాట నేటికీ ఉన్న ఆచారం. ఇలా మన మాటలో, మన ఆభరణంలో కలిసిపోయిన పగడం అసలేమిటి? అది రాయా? చెట్టా? జంతువా? సముద్రజీవశాస్త్రంలో తొలి అడుగు వేస్తున్న ఉన్నత పాఠశాల విద్యార్థికి మొట్టమొదట ఎదురయ్యే ప్రశ్న ఇదే. చూడటానికి చిన్నదైన ఈ ప్రశ్న పండితులను సైతం శతాబ్దాల తరబడి సందేహంలో ఉంచింది.

పేరులో దాగిన సందేహం

సంస్కృతంలో పగడానికి విద్రుమం, ప్రవాళం అనే పేర్లు ఉన్నాయి. ద్రుమం అంటే చెట్టు. విశిష్టమైన వృక్షం కనుక విద్రుమమైందని వ్యుత్పత్తి చెబుతారు. ప్రవాళమనే పదానికి పగడమనే కాక లేత చిగురు అనే అర్థం కూడా ఉంది. కొమ్మలు సాచి, ఎర్రని చిగురుల వలె కనిపించే పగడాన్ని చూసినవారు దానిని సముద్రంలో పెరిగే చెట్టుగా భావించడం సహజమే. పాశ్చాత్యుల ఊహ కూడా ఇంచుమించు ఇటువంటిదే. నీటిలో మెత్తగా ఉండి, గాలి సోకగానే రాయిగా మారే మొక్క పగడమని ప్రాచీన గ్రీకులు, రోమనులు తలచారు.

1706లో లుయీజీ మార్సీలీ అనే ఇటలీ శాస్త్రజ్ఞుడు అప్పుడే పైకి తీసిన పగడపు కొమ్మను సముద్రజలంలో ఉంచి పరిశీలించాడు. కొంతసేపటికి ఆ కొమ్మపై ఎనిమిదేసి రేకులున్న తెల్లని పూలు విచ్చుకున్నాయి. పూలు పూచింది కనుక పగడం మొక్కయే అని ఆయన నిర్ణయించాడు. కొన్నేళ్ళ తరువాత మార్సెయి నగరానికి చెందిన జాఁ ఆంద్రే పేసొనెల్ అనే వైద్యుడు ఆ 'పూలను' మరింత శ్రద్ధతో చూశాడు. అవి ముట్టుకుంటే ముడుచుకుంటున్నాయి, కదలుతున్నాయి. అవి పూలు కావనీ, ప్రాణులనీ ఆయన గ్రహించాడు. 1720వ దశకంలో ఆయన ఈ విషయాన్ని ఫ్రాన్సు దేశపు విజ్ఞాన పరిషత్తుకు నివేదించినప్పుడు అక్కడి పెద్దలు నమ్మలేదు. దాదాపు పాతికేళ్ళ తరువాత గాని ఆయన మాటకు విలువ లభించలేదు. అందరూ చూసిన దానినే ఆయనా చూశాడు. కాని ముందే ఏర్పరచుకున్న అభిప్రాయంతో చూడలేదు. విజ్ఞానశాస్త్రం నేర్వగోరే విద్యార్థికి పగడం చెప్పే మొదటి పాఠం ఇది.

ఇక్కడ ఒక భేదాన్ని గుర్తించాలి. ఆభరణాలలో వాడే ఎర్రపగడం మధ్యధరా సముద్రం వంటి చోట్ల, వెలుతురు తక్కువగా ఉండే నీటిలో పెరుగుతుంది. అది దీవులను, గోడలను నిర్మించదు. ఉష్ణమండల సముద్రాలలో వెచ్చని, లోతు తక్కువ నీటిలో బృహత్తరమైన కట్టడాలను నిర్మించే పగడాలు వేరు. అవి ఎర్రపగడానికి దాయాదులు. ఆ కట్టడాలనే ప్రవాళ భిత్తికలు లేదా పగడపు దిబ్బలు అంటాము.

చిన్న ప్రాణి - పెద్ద కట్టడం

పగడపు జీవిని పాలిప్ అంటారు. పెక్కు జాతులలో దాని వ్యాసం కొద్ది మిల్లీమీటర్లు మాత్రమే. సంచి వంటి శరీరం, పైన ఒక నోరు, నోటి చుట్టూ వలయంగా స్పర్శకాలు - దాని నిర్మాణం ఇంతే. స్పర్శకాలలో దంశకణాలుంటాయి. రాత్రివేళ అవి విచ్చుకొని, నీటిలో తేలివచ్చే సూక్ష్మజీవులను కుట్టి పట్టుకొంటాయి. మన తీరంలో తరచుగా కనిపించే జెల్లీ చేప కూడా ఈ వర్గానికి చెందినదే.

ఈ పాలిప్ సముద్రజలంలోని కాల్షియాన్ని, కార్బొనేట్‌ను గ్రహించి, తన అడుగున సున్నపురాయితో ఒక గిన్నెను కట్టుకొంటుంది. తరువాత తాను రెండుగా చీలుతుంది లేదా పక్కన మొగ్గ తొడుగుతుంది. ఇలా ఒకటి రెండై, రెండు నాలుగై, వేలాది పాలిప్‌లు ఒకే సముదాయంగా పెరుగుతాయి. పాతవి మరణించినా వాటి సున్నపు గూళ్ళు నిలిచి ఉంటాయి. వాటిపైనే కొత్తవి ఇల్లు కట్టుకొంటాయి. బండల వలె గుండ్రంగా పెరిగే పగడాలు ఏడాదికి రెండు సెంటీమీటర్లకు మించి పెరగవు. కొమ్మల వంటి పగడాలు ఏడాదికి పది సెంటీమీటర్ల దాకా పెరుగుతాయి. చీమలు పెట్టిన పుట్ట అని మనం చెప్పుకొనే సామెతను ఇవి సముద్రగర్భంలో వేల సంవత్సరాలుగా నిజం చేస్తున్నాయి. ఆస్ట్రేలియా ఈశాన్య తీరాన ఉన్న మహా అవరోధ భిత్తిక సుమారు 2,300 కిలోమీటర్ల పొడవున విస్తరించింది. దాని నిర్మాతలు ఈ చిన్న ప్రాణులే.

అయితే ఇంతటి పనికి కావలసిన శక్తి పాలిప్‌కు ఎక్కడి నుంచి వస్తుంది? ఉష్ణమండల సముద్రాలలో నీరు అద్దంలా నిర్మలంగా ఉంటుంది. నిర్మలంగా ఉన్నదంటే అందులో ఆహారం తక్కువని అర్థం. రాత్రి పట్టుకొన్న సూక్ష్మజీవులతో పాలిప్‌కు కడుపు నిండదు. దాని శరీరకణాలలో జూజాంథెల్లే అనే ఏకకణ శైవలాలు నివసిస్తాయి. పాలిప్ వాటికి ఆశ్రయాన్ని, తాను విడిచే కార్బన్ డయాక్సైడ్‌ను, వ్యర్థరూపంలో పోషకాలను ఇస్తుంది. ఆ శైవలాలు సూర్యకాంతితో ఆహారం తయారుచేసి, అందులో అధికభాగాన్ని పాలిప్‌కు సమర్పిస్తాయి. పగడానికి కావలసిన శక్తిలో 90 శాతం వరకు ఈ విధంగానే లభిస్తుంది. పగడపు దేహం దాదాపు పారదర్శకం. దాని వర్ణాలలో అధికభాగం ఈ అతిథులు తెచ్చినవే.

కనుక మొదటి ప్రశ్నకు సమాధానం ఆశ్చర్యకరంగా ఉంటుంది. పగడం జంతువు; దాని దేహంలో కాంతిని ఆహారంగా మార్చే శైవలం ఉంది; దాని అడుగున రాయి ఉంది. విద్రుమమని పేరు పెట్టినవారి ఊహ పూర్తిగా పొరపాటు కాదు. ఈ మూడింటి పొత్తులోనే ప్రవాళ భిత్తిక బలం ఉంది. దాని బలహీనత కూడా అక్కడే ఉంది.

వలయాకార దీవుల రహస్యం

ప్రవాళ భిత్తికలు మూడు విధాలు. తీరాన్ని అంటిపెట్టుకొని పెరిగేవి అంచు భిత్తికలు. తీరానికి దూరంగా, నడుమ నీటిని ఉంచి గోడ వలె నిలిచేవి అవరోధ భిత్తికలు. నడిసముద్రంలో ఉంగరం ఆకారంలో ఏర్పడి, మధ్యలో లోతు తక్కువ మడుగు గలవి అటోల్‌లు. ఆ మడుగును లాగూన్ అంటారు.

పగడం సూర్యకాంతి అందే పైపొరల్లోనే పెరుగుతుంది కదా, అగాధమైన సముద్రంలో అటోల్ ఎలా లేచింది? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పినవాడు ఛార్లెస్ డార్విన్. 22 ఏళ్ళ వయసులో బీగిల్ నౌకపై యాత్రకు బయలుదేరిన ఆయన 1836 ఏప్రిల్‌లో హిందూ మహాసముద్రంలోని కోకోస్ దీవులను చూశాడు. 1842లో తన సిద్ధాంతాన్ని గ్రంథరూపంలో ప్రకటించాడు. ఆయన వివరణ ఇది: సముద్రం నుంచి అగ్నిపర్వతం ఒక దీవిగా పైకి వస్తుంది. దాని చుట్టూ అంచు భిత్తిక పెరుగుతుంది. కాలక్రమంలో పర్వతం నెమ్మదిగా కుంగుతుంది. పగడాలు మాత్రం వెలుతురు కోసం పైకి పెరుగుతూనే ఉంటాయి. నడుమ నీరు చేరగా అది అవరోధ భిత్తిక అవుతుంది. చివరకు పర్వతం పూర్తిగా మునిగిపోతుంది. వలయం మాత్రం మిగులుతుంది. ఈ సిద్ధాంతానికి నిదర్శనం 1952లో లభించింది. పసిఫిక్ మహాసముద్రంలోని ఎనివెటాక్ అటోల్‌లో బోరు వేయగా, 1,200 మీటర్లకు పైగా సున్నపురాయి దాటిన తరువాత అగ్నిపర్వత శిల తగిలింది.

మన తీరంలో ఎందుకు లేవు?

భారతదేశంలో ప్రధానమైన ప్రవాళ ప్రాంతాలు నాలుగు - గుజరాత్‌లోని కచ్ సింధుశాఖ, తమిళనాడులోని మన్నారు సింధుశాఖ - పాక్ అఖాతం, లక్షద్వీపాలు, అండమాన్ నికోబార్ దీవులు. సుదీర్ఘమైన తెలుగు తీరం ఈ జాబితాలో లేదు. మన సముద్రం వెచ్చనిదే, మన సూర్యుడు ప్రఖరుడే. మరి లోపం ఎక్కడ?

పగడానికి మూడు నియమాలు ఉన్నాయి. నీరు వెచ్చగా ఉండాలి. 23 నుంచి 29 డిగ్రీల సెల్సియస్ దానికి అనుకూలం. నీరు తేటగా ఉండి, లోపలి శైవలాలకు కాంతి అందాలి. నీటిలో తగినంత ఉప్పు ఉండాలి. కృష్ణా గోదావరులు ఏటా వర్షకాలంలో అపారమైన మంచినీటిని, ఒండ్రుమట్టిని సముద్రంలో కలుపుతాయి. ఉత్తరాన మహానది, గంగా బ్రహ్మపుత్రలు కూడా బంగాళాఖాతానికి ఇదే చేస్తాయి. మట్టి కాంతిని అడ్డగిస్తుంది, పగడాల నోళ్ళను పూడ్చివేస్తుంది. మంచినీరు ఉప్పదనాన్ని తగ్గిస్తుంది. మన డెల్టాలను అన్నపూర్ణగా చేసిన ఒండ్రే మన తీరంలో ప్రవాళ భిత్తికలు పెరగకుండా చేసింది. గోదావరి ముఖద్వారాన అలల ఉధృతిని ఆపే బాధ్యతను కోరింగ మడ అడవులు స్వీకరించాయి. ప్రకృతి ఏ తీరానికి తగిన కాపలాను ఆ తీరానికి ఏర్పరచింది.

పగడంపై నిలిచిన జీవనం

ప్రవాళ భిత్తికలు సముద్రపు అడుగుభాగంలో ఒక శాతం కంటె తక్కువ స్థలాన్ని ఆక్రమించాయి. కాని సముద్రజీవ జాతులలో దాదాపు నాలుగోవంతు తమ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు వాటిని ఆశ్రయిస్తాయి. భిత్తిక సగటున అలల శక్తిలో 97 శాతాన్ని తానే భరించి, తీరాన్ని కాపాడుతుంది. చిలుక ముక్కు వంటి నోరు గల చిలుక చేపలు పగడపు రాతిని కొరికి, పైనున్న నాచును తిని, రాతిపొడిని తెల్లని ఇసుకగా విసర్జిస్తాయి. అటోల్‌ల తీరాలలో మెరిసే ఇసుకలో చాలా భాగం వాటి చలవే.

ఈ మాటల అర్థం లక్షద్వీపాలను చూస్తే బోధపడుతుంది. 32 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల ఆ దీవులలో పదింటిలో మాత్రమే ప్రజలు నివసిస్తున్నారు. 2011 జనాభా లెక్కల నాటికి వారి సంఖ్య 64 వేలకు పైన. వారి కాలికింద ఉన్న నేల అంతా పగడాల నుంచి ఏర్పడినదే. అది సముద్రమట్టానికి ఒకటి రెండు మీటర్ల ఎత్తున మాత్రమే ఉంటుంది. అక్కడ నదులు లేవు. వాన నీరు పగడపు నేలలోకి ఇంకి, కింద ఉన్న ఉప్పునీటిపై పలుచని పొరగా తేలుతుంది. బావులలో వారు తోడుకొనేది ఆ నీటినే. అక్కడి జాలరులు గాలాలతో సూర చేపలను పడతారు. వాటికి ఎరగా వాడే చిన్న చేపలు లాగూన్‌లోనే దొరుకుతాయి. నేల, నీరు, కూడు - మూడూ పగడమిచ్చినవే. బంగారం అటోల్‌లోని పరళి-1 అనే నిర్జన దీవి పూర్తిగా కోతకు గురై అదృశ్యమైందని 2017లో వెల్లడైంది. ఆ దీవిలో ఎవరూ లేరు కనుక ఎవరూ నిరాశ్రయులు కాలేదు. కాని తక్కిన దీవుల వారికి అది ఒక హెచ్చరిక.

తెగుతున్న బంధం

పాలిప్‌కు, శైవలానికి మధ్య గల పొత్తు మిక్కిలి సున్నితమైనది. వేసవిలో ఆ ప్రాంతపు నీరు సాధారణంగా చేరే గరిష్ఠ ఉష్ణోగ్రత కంటె ఒక డిగ్రీ పెరిగి, ఆ వేడి కొన్ని వారాలు నిలిస్తే చాలు, బంధం చెడుతుంది. వేడికి శైవలాలు హానికరమైన పదార్థాలను ఉత్పత్తి చేయడం మొదలుపెడతాయి. పాలిప్ వాటిని తన దేహం నుంచి వెళ్ళగొడుతుంది. రంగు పోయి, అడుగున ఉన్న తెల్లని సున్నపురాయి కనబడుతుంది. దీనినే పగడాలు తెల్లబడటం లేదా వివర్ణత అంటారు. తెల్లబడిన పగడం వెంటనే మరణించదు. అది ఆకలితో ఉన్న పగడం. వేడి త్వరగా తగ్గితే శైవలాలు మళ్ళీ చేరతాయి, పగడం కోలుకొంటుంది. వేడి కొనసాగితే ఆకలితో మరణిస్తుంది.

బొగ్గు, చమురు మండించడం వల్ల భూమిపై పెరిగిన అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రాలే గ్రహించాయి. 1998లో ప్రపంచవ్యాప్తంగా పగడాలు తెల్లబడ్డాయి. 2010లోనూ, 2014-17 మధ్యలోనూ అదే జరిగింది. 2023లో నాలుగోసారి మొదలైంది. 2024లో లక్షద్వీపాల పగడాలు కూడా తీవ్రంగా తెల్లబడ్డాయి. భిత్తికకు గాయం కొత్త కాదు. తుపానుకు విరిగిన కొమ్మలు పదేళ్ళలో, ఇరవై ఏళ్ళలో మళ్ళీ పెరుగుతాయి. గాయానికీ గాయానికీ నడుమ లభించే వ్యవధి తగ్గిపోవడమే నేటి ప్రమాదం. భూతాపం 1.5 డిగ్రీలు పెరిగితే ప్రవాళ భిత్తికలు 70 నుంచి 90 శాతం వరకు క్షీణిస్తాయనీ, 2 డిగ్రీలు పెరిగితే 99 శాతానికి పైగా నశిస్తాయనీ వాతావరణ మార్పులపై ఏర్పడిన అంతర్ ప్రభుత్వ సంఘం 2018 నివేదికలో హెచ్చరించింది. అర డిగ్రీ అనే చిన్న అంకె విలువ ఎంతో విద్యార్థి ఇక్కడ గ్రహించాలి.

మానవుడు నేరుగా చేసిన హాని కూడా ఉంది. మన్నారు సింధుశాఖలో సున్నం కోసం, ఇళ్ళ నిర్మాణం కోసం దశాబ్దాల పాటు పగడాలను తవ్వి తీశారు. అక్కడి 21 దీవులలో రెండు నీట మునిగాయి. 1986లో ఆ ప్రాంతాన్ని సముద్ర జాతీయ ఉద్యానంగా ప్రకటించారు. 2001లో భిత్తికలు నిర్మించే పగడాలను వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో చేర్చారు. అంటే పగడాన్ని విరిచి తీసుకోవడం పెద్దపులిని వేటాడినట్లే నేరం. కోతకు గురవుతున్న వాన్ దీవి వద్ద కృత్రిమ భిత్తికలను నీటిలో దింపి, దీవిని నిలబెట్టే ప్రయత్నం జరిగింది. చట్టం తవ్వకాన్ని ఆపగలిగింది. కాని వేడికి సరిహద్దులు లేవు, దానిని ఏ ఉద్యానపు కంచె ఆపలేదు.

విద్యార్థి చేయదగినది

సముద్రజీవశాస్త్రం సముద్రం ఒడ్డున ఉన్నవారికే పరిమితమైన విద్య కాదు. సముద్రానికి వందల కిలోమీటర్ల దూరంలో ఉన్న హైదరాబాదులో భారత జాతీయ సముద్ర సమాచార సేవాకేంద్రం ఉంది. ఉపగ్రహాలు కొలిచిన సముద్ర ఉపరితల ఉష్ణోగ్రతలను పరిశీలించి, ఏ ప్రాంతపు పగడాలకు ప్రమాదం పొంచి ఉందో ఆ కేంద్రం 2011 నుంచి ముందుగా తెలుపుతోంది. మునుపు మత్స్యకారులు ఆకాశాన్ని చూసి సముద్రాన్ని గుర్తించేవారు. నేడు శాస్త్రజ్ఞులు ఆకాశం నుంచి సముద్రాన్ని చూస్తున్నారు.

ప్రవాళ భిత్తికను అర్థం చేసుకోవడానికి ఏ ఒక్క శాస్త్రమూ చాలదు. పాలిప్ జంతుశాస్త్ర విషయం. దానిలోని శైవలం కిరణజన్య సంయోగక్రియకు సంబంధించినది. గూడు కట్టే సున్నం రసాయనశాస్త్రానిది. నీటిలో కాంతి ఎంత లోతుకు చేరుతుందో భౌతికశాస్త్రం చెబుతుంది. దీవి ఎలా కుంగిందో భూగర్భశాస్త్రం చెబుతుంది. లక్షద్వీపాల జాలరి జీవితం సామాజికశాస్త్ర విషయం. పుస్తకాలలో విడివిడిగా చదివే పాఠాలు భిత్తికలో ఒకేచోట కలుస్తాయి.

చూడాలన్న కోరిక గల విద్యార్థికి అవకాశాలు ఉన్నాయి. కచ్ సింధుశాఖలో సముద్రం బాగా పాటుకు పోయినప్పుడు పగడాల సమీపం వరకు నడిచి వెళ్ళవచ్చు. అంత దూరం పోలేనివారు విశాఖపట్నం, భీమునిపట్నం రాతి తీరాలలో పాటు సమయాన రాళ్ళ నడుమ నిలిచిన నీటిగుంటలను పరిశీలించవచ్చు. అక్కడ పూవు వలె విచ్చుకొని, అలజడి కలిగితే ముడుచుకొనే సీ అనిమోన్ కనిపిస్తుంది. అది పగడానికి దగ్గరి చుట్టం. పేసొనెల్ చూసినది ఏమిటో దానిని చూస్తే తెలుస్తుంది. చూడటమే నియమం, తాకడం, పెకలించడం, ఇంటికి తేవడం తగదు.

పగడాన్ని మన పూర్వులు రత్నమన్నారు. రత్నానికి విలువ అది అరుదుగా దొరకడం వల్ల వస్తుంది. ప్రవాళ భిత్తికకు విలువ అది అనేకులకు ఆశ్రయం ఇవ్వడం వల్ల వచ్చింది. కంటికి కనబడని శైవలం, కొద్ది మిల్లీమీటర్ల ప్రాణి ఒకదానినొకటి నమ్ముకొని దీవులను నిలబెట్టాయి. ఆ దీవులపై మనుషులు ఊళ్ళు కట్టుకొన్నారు. ఆ పొత్తును చెడగొట్టే వేడి మన ఇళ్ళ నుంచి, మన వాహనాల నుంచి, మన కర్మాగారాల నుంచి కూడా వెలువడుతున్నది. సముద్రాన్ని ఎన్నడూ చూడని విద్యార్థికి సైతం పగడంతో సంబంధం ఉన్నదని దీని భావం. ఆ సంబంధాన్ని తెలుసుకొనడమే సముద్రజీవశాస్త్రంలో అసలైన ప్రవేశం.